చిన్నగూడూరు పిల్లవాడు

పదహారేళ్ల కొడుకున్న ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? నిన్నమొన్నటి దాకా కొంగు పట్టుకుని తిరిగినవాడు ఇవాళ గది తలుపేసుకుంటాడు. అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబిస్తాడు, అడగనిదానికి గంటసేపు వాదిస్తాడు. నాన్న మాట తప్ప లోకంలో అందరి మాటా వేదమే! దేవుడి గదిలోకి వచ్చి దండం పెట్టుకోమంటే విసుగు. సోపతిగాళ్లు వీధిలోంచి కేకేస్తే మాత్రం అన్నం ముందు నుంచి కూడా లేచి పోతాడు. భూపాలపల్లిలో నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న గని కార్మికుడి ఇంట్లోనైనా, జనగామలో బట్టల కొట్టు నడుపుకునేవారి ఇంట్లోనైనా, మా మానుకోటలో బడిపంతులు గారి ఇంట్లోనైనా ఇదే వరస. తండ్రీకొడుకుల మధ్య నలిగేది మనం. వీడు చేయి దాటిపోతున్నాడేమోనన్న గుబులూ మనదే.

ఆ గుబులున్న అమ్మలకు మా పక్క ఊరి పిల్లవాడొకడి సంగతి చెబుతాను. వాడు చేయి దాటిపోయిన మాట నిజం. తండ్రి నమ్మినదాన్ని కాదన్నాడు, రాజును కాదన్నాడు, తను వెతుక్కుని చేరిన పార్టీని కూడా కాదన్నాడు. జైలుకు వెళ్లాడు. ఆ తర్వాత ఏమయ్యాడన్నదే అసలు కథ.

ఇంతకీ ఎవరా పిల్లవాడు అనేగా మీ సందేహం? దాశరథి కృష్ణమాచార్య. అవును, తెలంగాణ అనగానే వీణ గుర్తుకొచ్చేలా చేసిన కవి దాశరథి గారే. మహబూబాబాదును మేం ఇప్పటికీ మానుకోట అనే అంటాం. ఆ జిల్లాలోని చిన్నగూడూరులో 1925 జూలై 22న పుట్టారు. అప్పట్లో అది వరంగల్ జిల్లాలో ఓ మారుమూల పల్లె. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మండల కేంద్రమైంది. ఆయన పద్యాలు మనందరం బడిలో బట్టీపట్టినవాళ్లమే. అగ్గిలాంటి కవి అని పంతుళ్లు చెప్పగా విన్నాం. ఆ అగ్గి ఏ వయసులో అంటుకుంది, ఎందుకు అంటుకుంది అన్నది మాత్రం పరీక్షల్లో ఎవరూ అడగలేదు. (ఆ వయసు కబుర్లు చెబుతుంటే ఆయన, వారు అని రాయబుద్ధి కావడం లేదు. ఏమనుకోకండి, కాసేపు మనింటి పిల్లవాడే అనుకుందాం.)

నాన్న వెంకటాచార్యులు సంప్రదాయ పండితుడు. శ్రీవైష్ణవుల ఇల్లంటే మీకు తెలుసుగా... నుదుట తిరుమణి లేకుండా గడప దాటకూడదు. పెరుమాళ్లకు ఆరగింపు కాకుండా మెతుకు ముట్టకూడదు. నోటికి సంస్కృత శ్లోకాలూ, తమిళ పాశురాలూ రావాలి. తల్లి వెంకటమ్మ. అంటే దేవుడితో సంస్కృతం, తమిళం. అమ్మతో తెలుగు. బడికి వెళితే ఉర్దూ!

నిజాం రాజ్యం కదా మరి. కచేరీలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ, హైస్కూలు చదువంతా ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే పాఠాలు చెప్పేది. సంస్థానంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగే. అయినా అది ఇంట్లో మాట్లాడుకోవడానికి, పొలంలో ఎద్దును అదిలించడానికే తప్ప పెద్దమనుషుల మధ్యకు వచ్చే భాష కాదు. ఇందుకో ఉదాహరణ చెబుతారు. 1921లో హైదరాబాదులో ఓ సభ జరిగింది. ఆడవాళ్ల చదువు కోసం జీవితమంతా ధారపోసిన మహర్షి కార్వే గారు ఆ సభకు అధ్యక్షులు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలోవాళ్లు ఎగతాళి చేసి, గోల చేసి కూర్చోబెట్టారట. సంఘ సంస్కరణ సభలోనే ఆ సంస్కారం! ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అదే తర్వాత ఆంధ్ర మహాసభ అయింది. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే ఉడుక్కుని, సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. అప్పటికి మన పిల్లవాడికి తొమ్మిదేళ్లు.

వాడి చిన్నతనం మధిరలో గడిచింది. మధిర సంస్థానానికి అంచున ఉన్న ఊరు. రైలెక్కితే కాసేపటికే సరిహద్దు దాటి కృష్ణా జిల్లాలో పడతాం. అక్కడ తెల్లవాడి పాలనే అనుకోండి, అయినా తెలుగు పత్రికలు, తెలుగు పుస్తకాలు, తెలుగులో సభలు. ఇటు చూస్తే సభ పెట్టుకోవాలంటేనే సర్కారు అనుమతి కావాలి. అంచున ఉన్న ఊళ్లో పెరిగినవాడికి రెండు వైపులా కనిపిస్తాయి. పోల్చి చూసుకోకుండా ఎలా ఉంటాడు?

ఎందుకు అనే వయసు

పదేళ్ల లోపు పిల్లలు లోకాన్ని ఉన్నదున్నట్టు పుచ్చుకుంటారు. ఎండాకాలం వచ్చింది, వానాకాలం వచ్చింది అన్నట్టే ఇంట్లో ఈ భాష, బడిలో ఆ భాష. పదకొండు పన్నెండేళ్లు దాటేసరికి బుర్ర వేరే రకంగా పనిచేయడం మొదలుపెడుతుంది. ఉన్నదాన్ని చూడటంతో ఆగకుండా, ఇది ఇలాగే ఎందుకుండాలి, ఇంకోలా ఉంటే ఏమవుతుంది అని ఊహించగల శక్తి అప్పుడే వస్తుంది. ఈ సంగతిని స్విట్జర్లాండుకు చెందిన పియాజే అనే ఆయన పిల్లలతో కూర్చుని, వాళ్లను ప్రశ్నలడిగి తేల్చారు. మన పిల్లలు మనతో వాదించేది పొగరుతో కాదు, కొత్తగా దొరికిన ఈ శక్తిని ఎక్కడో ఒకచోట వాడి చూసుకోవాలి కాబట్టి. కత్తి చేతికొచ్చిన పిల్లవాడు ముందు పెరట్లో అరటి చెట్టునే నరుకుతాడు. ఆ అరటి చెట్టు మనం!

కృష్ణమాచార్యకు ఆ వయసులో దొరికిన ప్రశ్న చిన్నదేం కాదు. అమ్మతో మాట్లాడే భాషకు బడి గుమ్మం లోపల చోటెందుకు లేదు? వెట్టి చేసేవాడు ఎందుకు చేస్తున్నాడు? దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని ఎందుకు నడవాలి? మన ప్రాంతపు పిల్లలకు అప్పట్లో ఈ ప్రశ్నలు పుస్తకాల్లోంచి రాలేదు, వీధిలోంచే వచ్చాయి.

అప్పటికే వాడికి పద్యం అల్లడం పట్టుబడింది. ఛందస్సు ఎక్కడ వంటబట్టిందంటే, తెల్లవారుజాము నుంచి శ్లోకాలూ పాశురాలూ మోగే ఇంట్లో పెరిగినవాడికి నడక ఒకరు నేర్పాలా? తండ్రి దేవుడి కోసం నేర్పిన లయను కొడుకు రాజు మీదికి తిప్పాడు. పాపం ఆ తండ్రికి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఇక్కడ నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించే విషయం ఒకటుంది. ఉర్దూను తెలుగు పిల్లల నెత్తిన రుద్దిన రాజు మీద ఆ కుర్రవాడికి పీకల దాకా కోపం. మామూలుగా ఆ వయసులో కోపమొస్తే అన్నిటినీ కలిపి ద్వేషించేస్తారు. లెక్కల మాస్టారు కొడితే లెక్కలనే అసహ్యించుకునే పిల్లలు మన ఇళ్లలో లేరూ? కృష్ణమాచార్య అలా చేయలేదు. మెట్రిక్ ఉర్దూలోనే చదివాడు. ఇక్బాల్ కవిత్వాన్ని ప్రాణంగా చదువుకున్నాడు. ఆ పక్కనే జాషువా పద్యాలు. పొద్దున పాశురం, మధ్యాహ్నం ఇక్బాల్, రాత్రి జాషువా అన్నమాట. భాష వేరు, దాన్ని కర్రలా పట్టుకున్న రాజు వేరు అని విడదీసి చూడటం పెద్దవాళ్లలో కూడా ఎంతమందికి చేతనవుతుంది చెప్పండి? పెద్దయ్యాక ఆయనే గాలిబ్ కవితలను 'గాలిబ్ గీతాలు' పేరుతో తెలుగులోకి తెచ్చారు. 1961లో బాపు గారి బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకం పెళ్లిళ్లలో కానుకగా ఇచ్చుకునేంత ఆదరణ పొందింది. అన్నట్టు ఆ గాలిబ్ కూడా తన ఉర్దూ గజళ్లలో చాలా వాటిని ఇరవయ్యేళ్లు రాకముందే రాసేశారంటారు.

చేరడం, వదిలేయడం

పదిహేను పదహారేళ్లకు పిల్లలకు ఇల్లు ఇరుకవుతుంది. ఇంటి బయట ఇంకో ఇల్లు కావాలి. కొందరికి అది క్రికెట్ జట్టు, కొందరికి సినిమా హీరో అభిమాన సంఘం. ఆ రోజుల్లో మన వైపు కుర్రవాళ్లకు దొరికిన ఇల్లు ఉద్యమం. ఆంధ్ర మహాసభ గ్రంథాలయాలు పెట్టింది, ఊరూరా సభలు పెట్టింది. 1942 సభ మన జనగామ వైపు ధర్మవరంలోనే జరిగింది. క్రమంగా అందులోకి కమ్యూనిస్టులు వచ్చారు. వెట్టి వద్దన్నారు, దున్నేవాడిదే భూమి అన్నారు. అన్యాయాన్ని చూసి రగిలే కుర్రవాడికి ఇంతకంటే ఏం కావాలి? కృష్ణమాచార్య కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. ఆచారి గారి అబ్బాయి కమ్యూనిస్టు! అగ్రహారాల్లో ఆ మాట ఎంత గుసగుసగా పాకి ఉంటుందో మనం ఊహించుకోగలం.

ఇంత వరకు మన ఇళ్లలో జరిగేదే. ఇంట్లోవాళ్ల మాట వినని పిల్లవాడు బయటివాళ్ల మాటను తు.చ. తప్పకుండా వింటాడు. ఆ తర్వాత జరిగిందే విశేషం. రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ రష్యా మీద పడ్డాడు. దాంతో మన దేశంలోని కమ్యూనిస్టు పార్టీ తన వైఖరి మార్చుకుని, ఇది ప్రజల యుద్ధం, బ్రిటిష్‌వాళ్లకు అడ్డు తగలకూడదు అంది. 1942లో గాంధీగారు క్విట్ ఇండియా అంటే అందులో కలవలేదు. పార్టీ లెక్కలు పార్టీకి ఉండవచ్చు. ఈ కుర్రవాడికి మాత్రం ఆ తీరు నచ్చలేదు. యుద్ధకాలంలోనే పార్టీ నుంచి బయటికి వచ్చేశాడు. యుద్ధం ముగిసేనాటికి వాడికి ఇంకా ఇరవయ్యేళ్లే.

తండ్రిని ఎదిరించడం తేలికని కాదు గానీ, ఎదిరించినవాడి వెనక సోపతిగాళ్లు ఉంటారు. ఆ సోపతినే వదులుకుని రావాలంటే వెనక ఎవరూ ఉండరు. ఇవాళ పదో తరగతి పిల్లవాడు అందరూ చేస్తున్న పనిని తను చేయనని చెప్పడానికి ఎంత అల్లాడిపోతాడో చూస్తూనే ఉన్నాం. అంతా కలిసి వాట్సాప్ గ్రూపులో ఒకణ్ణి ఏడిపిస్తుంటే ఆ గ్రూపులోంచి బయటికి రావడానికే వాడికి నాలుగు రోజులు నిద్ర పట్టదు. అలాంటిది, ప్రాణాలిచ్చే స్నేహాలను వదిలి, నమ్మకం కోసం ఒంటరిగా నిలబడటం! అలాగని వదిలేసి ఇంటికొచ్చి ముడుచుకుని కూర్చోనూ లేదు. రాజు మీద పోరాటం మానలేదు. పల్లెపల్లె తిరిగాడు. ఉపన్యాసాలు చెప్పాడు, పద్యాలు చదివాడు.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎరిక్ ఎరిక్సన్ అనే మానసిక శాస్త్రవేత్త 1950లో రాసిన పుస్తకంలో ఈ వయసు పిల్లల గురించి ఓ మంచి సంగతి వివరించారు. ఈ ఏళ్లలో పిల్లలు చేసే పనల్లా నేనెవరు అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమేనట. ఓ చొక్కా తొడిగి చూస్తారు, సరిపోకపోతే విప్పేస్తారు. మనకు అది నిలకడ లేనితనంగా కనిపిస్తుంది. నిజానికి అలా తొడిగి విప్పే గడువు దొరకని పిల్లలే తర్వాత ఇబ్బంది పడతారంటారాయన. ఎరిక్సన్ సొంత కథా అలాంటిదే. కన్నతండ్రి ఎవరో తెలియకుండా పెరిగి, కుర్రతనంలో బొమ్మలు గీసుకుంటూ దేశాలు పట్టి తిరిగి, పెద్దయ్యాక తన ఇంటి పేరు తనే పెట్టుకున్న మనిషి. దీనికి తోడు ఈ మధ్యకాలంలో మెదడును స్కానింగులు తీసి చూసినవాళ్లు ఇంకో సంగతి చెబుతున్నారు. ఉత్సాహం, ఆవేశం పుట్టించే భాగాలు ముందే జోరందుకుంటాయట. ఆగి ఆలోచించమనే ముందు భాగం మాత్రం ఇరవై అయిదేళ్లు దగ్గర పడేదాకా పూర్తిగా తయారు కాదట. బండికి ఇంజను ముందొచ్చి బ్రేకులు తర్వాత వచ్చినట్టు!

ఆ మాటకొస్తే ఆ తరం మన కుర్రవాళ్ల చేత ఎన్నెన్ని పనులు చేయించింది! జనగామ దగ్గరి కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గడీ ముందు 1946 జూలై 4న గుండె చూపి నిలబడ్డ దొడ్డి కొమరయ్యకు పందొమ్మిదేళ్లు. తెలంగాణ రైతాంగ పోరాటంలో ప్రాణమిచ్చిన మొదటివాడు. దాశరథికి, కొమరయ్యకు మధ్య తేడా రెండేళ్లే. ఒకడికి పండితుడి కొడుకుగా అక్షరం దొరికింది, గొర్లకాపరుల ఇంట్లో పుట్టిన ఇంకొకడికి కర్ర దొరికింది. ప్రశ్న ఒకటే. కొమరయ్యకు ఆ ప్రశ్నతో పెరిగి పెద్దవాడయ్యే గడువు దొరకలేదు.

ఆ ఇంట్లో ఇంకో పిల్లవాడు

పెద్దవాడి కథ చెప్పుకుంటూ చాలామంది మర్చిపోయే పిల్లవాడు ఒకడున్నాడు ఆ ఇంట్లో. తమ్ముడు రంగాచార్య. 1928 ఆగస్టు 24న పుట్టాడు, అన్నకంటే మూడేళ్లు చిన్న. అన్న నడిచిన దారిలోనే నడిచాడు. తోటి పిల్లలను కూడగట్టి బడిలో నిజాంకు ఎదురు తిరిగితే బడి నుంచి వెళ్లగొట్టారు. ఇంతలో ఇంట్లో కలహాలు ముదిరాయి. తండ్రి భార్యనూ పిల్లలనూ వదిలి వేరైపోయాడు.

అప్పుడు ఆ సంసారం ఎవరి నెత్తిన పడిందనుకున్నారు? ఊళ్లు తిరుగుతూ, పద్యాలు చదువుతూ ఉద్యమంలో మునిగిపోయిన పెద్దకొడుకు మీద కాదు. ఇంకా మీసాలు సరిగ్గా రాని చిన్నకొడుకు మీద. ఓ చేత్తో ఉద్యమం పనులు, ఓ చేత్తో చిన్నాచితకా ఉద్యోగాలు చేసుకుంటూ తల్లిని కాచుకుంది రంగాచార్యే.

నాకెందుకో వెంకటమ్మ గారి దగ్గర కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి ఉంటే బాగుండేదనిపిస్తుంది. పెద్దవాడిని చూసి లోకం గర్విస్తోంది. చిన్నవాడు పొయ్యిలోకి కట్టె తెస్తున్నాడు. ఇద్దరిలో ఎవరు పెరిగారు, ఎవరు తొందరగా పెరగాల్సి వచ్చింది? అన్నకు దొరికిన గడువు, తప్పు చేసి దిద్దుకునే తీరిక, చేరి వదిలేసే స్వేచ్ఛ... వీటి ఖర్చును ఇంట్లో ఇంకొకరు కట్టారు. ప్రతి ఇంట్లోనూ ఇంతే. ఒకడు కవి కావాలంటే ఇంకొకడు కరెంటు బిల్లు కట్టాలి. దాశరథి గారిని తక్కువ చేయాలని కాదు. పెద్దవాడి బొమ్మకు దండ వేసేటప్పుడు పక్కనున్నవాడికీ ఓ పువ్వు పెడదామని.

మరి ఆడపిల్లలో? బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం చేసి ఆడపిల్లకు పధ్నాలుగేళ్లు నిండాలన్నారు. మన నిజాం ఇలాకాలో ఆ చట్టమూ వర్తించలేదు. బొమ్మలాట ఆడుతున్న పిల్లను పెళ్లిపీటల మీద కూర్చోబెడితే, అక్కణ్ణుంచి లేచేసరికి కోడలు. మధ్యలో నేనెవరు అని అడిగే ఏళ్లు ఏవీ? కౌమారం అనేది మగపిల్లలకు, అందులోనూ చదువుకునే ఇళ్ల మగపిల్లలకు దొరికిన భోగం. మన పాలకుర్తి చాకలి ఐలమ్మ 1895లో పుట్టింది. అందరిలాగే చిన్నతనంలోనే అత్తవారింటికి వెళ్లింది. దొర తన పంట ఎత్తుకుపోవడానికి మనుషులను పంపితే, అది నా పంట అని ఎదురు నిలిచిన నాటికి ఆమెకు యాభై ఏళ్లు. పదిహేనేళ్లకు రావాల్సిన తిరుగుబాటు యాభైకి వచ్చిందని నాకనిపిస్తుంది.

గోడ మీద బొగ్గు

1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది. మన సంస్థానంలో మాత్రం రజాకార్ల రాజ్యం. కృష్ణమాచార్యను పట్టుకుని జైల్లో పెట్టారు. నిజామాబాదులోని ఇందూరు ఖిల్లా జైలు. కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గు మాత్రం ఉంది. దాంతోనే గోడల మీద నిజాం మీద పద్యాలు రాశాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు దాటాయి. అయినా ఆ పనిలో పదిహేనేళ్ల పిల్లవాడి మొండితనమే కనిపిస్తుంది నాకు. గోడల మీద రాసే వయసు అది. మనవాళ్లు బెంచీల మీద పేర్లు చెక్కుతారు, వాడు రాజు పాపాలు రాశాడు.

ఆ జైల్లో వాడికి దొరికిన పెన్నిధి వట్టికోట ఆళ్వారుస్వామి. పదేళ్లు పెద్ద. చిన్నప్పుడు వంటపని చేసి, హోటల్లో సర్వరుగా పనిచేసి, సొంతంగా చదువుకుని, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మిన మనిషి. తర్వాత 'ప్రజల మనిషి' నవల రాసింది ఆయనే. ఎదిగే పిల్లవాడికి అమ్మానాన్నలు కాని పెద్దమనిషి ఒకరు కావాలి. మేనమామో, టీచరో, పక్కింటి బాబాయో. ఇంట్లో చెప్పలేనిది వాళ్లకు చెప్పుకుంటారు. దాశరథి తన మొదటి పుస్తకం 'అగ్నిధార'ను 1949లో అచ్చువేసినప్పుడు అంకితమిచ్చింది ఆళ్వారుస్వామికే. దానికి ముందు 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం పాలన పోయింది. మరుసటి సంవత్సరం 'రుద్రవీణ' వచ్చింది. ఆ పద్యాల్లోని మంట అంతా పదిహేనేళ్ల నాటి నుంచి కాగుతూ వచ్చిందే.

ఇక చదువు సంగతి. మన లెక్కన చూస్తే అస్తవ్యస్తం. మెట్రిక్ ఇక్కడ, ఇంటర్మీడియెట్ ఎక్కడో భోపాల్ విశ్వవిద్యాలయం నుంచి, ఆ తర్వాత ఉస్మానియాలో ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఎ. ఉద్యోగాలూ అంతే. బడిపంతులు, పంచాయతీ ఇన్‌స్పెక్టరు, ఆకాశవాణిలో ప్రయోక్త. ఓ కార్పొరేట్ కాలేజీ గోడ మీద ఫోటో వేసుకునే చరిత్ర కాదు. ఇది రాస్తుంటే 2019 ఏప్రిల్ గుర్తుకొస్తోంది. ఆ నెలలో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయని గోలైంది. ఆ రోజుల్లో ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పదిహేడేళ్లకు వచ్చిన ఒక్క కాగితం మీద జీవితమంతా రాసి ఉంటుందని ఆ పిల్లలకు చెప్పినవాళ్లెవరు? మనమే కదా.

తిరిగి వచ్చిన పాట

తర్వాతి జీవితం అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. (ఇప్పుడు మళ్లీ ఆయన, వారు.) 1961 నుంచి సినిమా పాటలు రాశారు. 'తిమిరంతో సమరం' పుస్తకానికి 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1977 ఆగస్టు 15 నుంచి 1983 దాకా రాష్ట్ర ఆస్థాన కవి. రాజును తిట్టి జైలుకెళ్లిన మనిషికి ఆస్థాన కవి బిరుదు! ఆయన తన జ్ఞాపకాలను 'యాత్రాస్మృతి' పేరుతో రాసుకున్నారు. 1987 నవంబరు 5న, అరవై రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

సినిమా పాటల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 1973లో వచ్చిన 'కన్నెవయసు' సినిమాలో బాలసుబ్రహ్మణ్యం గొంతుతో వినిపించే ఆ పారిజాతం పాట ఆయనదే. కన్నెవయసు దాటి ముప్ఫై నలభై ఏళ్లయినవాళ్లు కూడా అది రేడియోలో వస్తే చేతిలోని గరిటె ఆపి వింటారు, మా అత్తగారు సాక్షి! నిప్పులు కురిసిన కలానికి అంత మెత్తదనం ఎక్కడిదా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. గాలిబ్‌ను చదువుకున్న చెయ్యి కదా అది.

ఇంకో రెండు పాటలున్నాయి. 1966లో 'రంగులరాట్నం' సినిమాలో, నడిరేయి వేళ స్వామి దిగి వచ్చేదెప్పుడని అలమేలుమంగతో మొరపెట్టుకునే పాట. 1968లో 'రాము' సినిమాలో దీనులను కాపాడమని కృష్ణయ్యను పిలిచే పాట. మాట పోగొట్టుకున్న ఓ చిన్నపిల్లవాడి కథ ఆ సినిమా. శనివారం పొద్దున్నే ఏ గుళ్లో మైకు వేసినా ఈ రెంటిలో ఏదో ఒకటి వినిపించాల్సిందే. తండ్రి మాట కాదని వెళ్లి పాతికేళ్లు తిరిగిన కొడుకు, వెంకటాచార్యుల గారి పెరుమాళ్లను ఎక్కడా వదిలిరాలేదన్నమాట. కాకపోతే పండితుల పాశురం తమిళంలో ఉండేది, ఈ పాట అమ్మ మాట్లాడే తెలుగులో ఉంది.

రంగాచార్య గారు కూడా అంతే. అన్న పోయాక ఇరవై ఏడేళ్లు బతికి, 2015 జూన్ 8న వెళ్లిపోయారు. సికింద్రాబాదు మునిసిపాలిటీలో ఉద్యోగం చేసుకుంటూనే 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' నవలల్లో మన పల్లెల గడీలనూ వెట్టినీ కళ్లకు కట్టారు. ఆయన చివరి దాకా కమ్యూనిస్టునే అనుకున్నారు, చివరి దాకా తిరుమణి పెట్టుకున్నారు. నాలుగు వేదాలనూ మామూలు తెలుగు వచనంలోకి తెచ్చి మన చేతికిచ్చింది, బడి నుంచి వెళ్లగొట్టబడి, పొయ్యిలోకి కట్టె తెచ్చిన ఆ చిన్నకొడుకే.